వీధి పలకల ఛాయాచిత్రములు: కోడంబాక్కపు సాక్ష్యము

ఒక నగరపు చరిత్రను తెలిసికొనుటకు గ్రంథములు, శాసనములు, ప్రభుత్వపు దస్తరములు మాత్రమే ఆధారములని మనము చాలకాలముగా భావించుచున్నాము. దుకాణముల తలలపై నిలిపిన పలకలు, గోడలమీది వ్రాతలు, బస్సు నిలుచుచోటుల పేర్లు, ఇంటి గుమ్మములకు కొట్టిన రేకులు ఇవియు వ్రాతలే. ఒకరు మఱియొకరి కొఱకు బహిరంగముగా ప్రకటించిన మాటలే. ఆ దృష్టితో చూచినచో వీనిని చిన్న శాసనములని చెప్పవచ్చును. అయితే రాతిపై చెక్కిన శాసనమునకును వీనికిని ఒక భేదము గలదు. శాసనము వేయేండ్లు నిలుచును. పలక యజమాని మారిన మరునాడే దిగిపోవును. శాసనపరిశోధకుడు రాతిపై తడికాగితము నద్ది, సిరా పూసి నకలు తీయునట్లే పలకకును నకలు తీసి యుంచవలెను. ఆ నకలే ఛాయాచిత్రము.

ఈ పోలికను ఆధారముగా గొని, మహానగర వీధులలోని నిత్యదృశ్యములను, పేరుపలకలను చిత్రించు ఛాయాచిత్రకళను గూర్చి ఈ వ్యాసమున కొంత విచారింపదలచితిని. ఉదాహరణమునకు మన తెలుగువారికి చిరపరిచితమైన కోడంబాక్కమును గ్రహించితిని. నగరము పేరు 1996లో చెన్నై యని మారినను, పాత సంగతులను చెప్పునపుడు మదరాసు అనియే వ్రాయుచున్నాను.

నేడు చేతిలోని ఫోనే కెమెరా యైనందున వీధిచిత్రములకు కొదువ లేదు. కాని వానిలో ఎక్కువభాగము రెండు త్రోవలలో నడచుచున్నవి. మొదటిది హాస్యపు త్రోవ. పలకలో ఒక అక్షరము తప్పిపోయినచో, ఒక ఆంగ్లపదము వింతరూపము దాల్చినచో, దానిని మాత్రము పట్టి చూపి నవ్వించుట దీని ప్రయోజనము. రెండవది శిథిలసౌందర్యపు త్రోవ. పెచ్చులూడిన గోడ, తుప్పుపట్టిన రేకు, వానిపై సాయంకాలపు టెండ ఇవి కంటికి ఇంపుగా నుండుననుట నిజమే. అయినను మొదటి త్రోవలో పలకను వ్రాసినవాడు నవ్వులపాలగుచున్నాడు. రెండవ త్రోవలో వాడు అసలే కనబడడు. ఈ పలకను ఎవరు వ్రాయించిరి, ఎవరు చదువుదురని వ్రాయించిరి అను ప్రశ్నకు ఈ రెండింట తావు లేదు. నా అభిప్రాయమున పలక ఛాయాచిత్రమునకు గల విలువ యంతయు ఈ ప్రశ్నను చూచువాని యెదుట నిలుపుటలోనే యున్నది.

శాసనమును పరిష్కరించు పండితుడు దాని లిపిని, అది యున్న స్థలమును, దాని కాలమును చెప్పక విడువడు. ఛాయాచిత్రమును గూడ ఈ మూటితోనే పరీక్షింపవచ్చును. అక్షరము చదువుటకు వీలుగా నున్నదా? ఆ పలక ఏ వీధిలో ఏ కట్టడమునకు చెందినదో చిత్రమును బట్టి గుర్తింపవచ్చునా? అది ఏనాటిదో తెలియుచున్నదా? ఈ మూటిలో ఒకటి లోపించినను చిత్రము అందముగా నుండవచ్చును గాని సాక్ష్యము కాజాలదు.

ఈ కొలతకు నిలిచిన ఛాయాగ్రాహకులు లోకమున లేకపోలేదు. పారిస్ నగరమున యూజెన్ అట్జే (1857-1927) సుమారు ముప్పది యేండ్లపాటు బరువైన కెమెరాను మోసికొని తిరిగి, పాతవీధులను, అంగళ్ల ముఖద్వారములను, దుకాణపు గుర్తులను, వీధి వర్తకులను చిత్రించెను. తన చిత్రములను కళాఖండములని కాక, చిత్రకారులకు పనికివచ్చు ఆధారపత్రములని చెప్పుకొని, వారికిని గ్రంథాలయములకును వస్తుప్రదర్శనశాలలకును అమ్ముకొని జీవించెను. అతడు చనిపోయిన పిమ్మట 1928లో బెరెనిస్ ఆబట్ అను అమెరికా ఛాయాగ్రాహకురాలు మిగిలిన నిధిని కొని కాపాడెను. 1968లో అది న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాలకు చేరినది. కళ యని చెప్పుకొనక చేసిన పని తుదకు కళాశాలకు చేరుట గమనింపదగిన విషయము.

అమెరికాలో వాకర్ ఎవన్స్ (1903-1975) 1930ల దశకమున దక్షిణ రాష్ట్రములలోని చిన్న ఊళ్లను, దారిప్రక్క బోర్డులను, గోడప్రకటనలను చిత్రించెను. 1936లో సవానా పట్టణమున ఒక ఛాయాచిత్రశాల కిటికీకి అతడు తీసిన చిత్రము ప్రసిద్ధము. కిటికీనిండ పేదసాదల చిన్నచిన్న ముఖచిత్రములు. వానిపై అడ్డముగా స్టూడియో అను అక్షరములు. ఎవన్స్ తరచుగా పలకకు ఎదురుగా నిలిచి, వక్రత లేకుండ, దానిని దానివలెనే చూపును. వ్రాసినవాని చేతివంకరను చూచి నవ్వడు. దానికి లేని సొగసును తెచ్చిపెట్టడు. ఈ నిగ్రహమే అతని గొప్పతనమని నేను తలంతును.

మన ప్రాంతమున ఛాయాచిత్రకళ ఆరంభదశలోనే వ్రాతకు సేవ చేసినది. మదరాసు ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడుగా నియమింపబడిన లీనియస్ ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపై నున్న శాసనములను వరుసగా చిత్రించి, ఇరువదియొక్క ప్రతులను జతపరచి, సుమారు 19 అడుగుల పొడవుగల ఒకే చిత్రముగా కూర్చెను. రాజులు వ్రాయించిన అక్షరములకు ఈ శ్రద్ధ లభించినది. కాఫీహోటలువాడు, కుట్టుపనివాడు, వాచీలు బాగుచేయువాడు వ్రాయించిన అక్షరములకు మాత్రము ఇట్టి శ్రద్ధ లభింపలేదు. ఈ లోపమునకు కోడంబాక్కముకంటె మంచి ఉదాహరణము లేదు.

కోడంబాక్కమను పేరు ఆర్కాటు నవాబుల గుర్రపుతోట యగు ఘోడాబాగు నుండి వచ్చినదని జనులు చెప్పుకొనుట కలదు. అందుండి వడపళని, సాలిగ్రామముల మీదుగా పోవు ఆర్కాటు రోడ్డు ప్రక్కన 1940ల దశకము చివరనుండి స్టూడియోలు వెలసినవి. ఏ.వి.ఎం. సంస్థ 1948లో కారైక్కుడినుండి ఇచటికి వచ్చినది. వాహినీ స్టూడియో, దానిని నడపిన విజయా సంస్థ, భరణీ స్టూడియో, ప్రసాద్ స్టూడియో ఇవి యన్నియు తెలుగువారి పూనికతో నడచినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడినపుడు మదరాసు మనకు రాలేదు. కాని తెలుగు సినిమా మాత్రము మఱి కొన్ని దశాబ్దములు ఇచటనే యుండెను. ఆ సినిమాతోపాటు దానిని నమ్ముకొన్న వడ్రంగులు, రంగులవారు, దర్జీలు, వంటవారు, వ్రాయసకాండ్రు, చిల్లర వేషములవారు ఈ వీధులలో కాపురముండిరి.

ఇందొక వింత గలదు. స్టూడియోల లోపల వీధులు కట్టబడెను. చెక్కతోను, గుడ్డతోను, ప్లాస్టరుతోను అంగళ్లు నిర్మించి, వానికి పేరుపలకలు వ్రాయించి, దీపములు పెట్టి, ఎంతయో శ్రద్ధతో చిత్రించిరి. షూటింగు ముగిసినంతనే వానిని విప్పివేసిరి. అయినను ఆ అబద్ధపు పలకలు ఫిల్ముపై నేటికిని నిలిచియున్నవి. అదే సమయమున గోడకు ఆవల, అదే రంగులతో, బహుశః అదే చేతులతో వ్రాసిన నిజమైన పలకలు వానకు తడిసి, ఎండకు వెలిసి, జాడ లేకుండ పోయినవి. భారతదేశములో నింతగా కెమెరాలు గుమిగూడిన పేటలు మిక్కిలి అరుదు. అట్టి పేట తన వీధిని తాను చూచుకొనలేదనుట విచారకరము.

తెలుగు సినిమా క్రమముగా హైదరాబాదునకు తరలినది. 1970ల దశకమున అచట అన్నపూర్ణా స్టూడియో లేచినది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ ఏర్పడినది. ఇచట మిగిలినవి పేర్లు. వాహినీ ఆవరణలో 1972లో విజయా ఆసుపత్రి వెలసినది. 2013లో పెద్ద విపణిశాల తెరువబడినది. 'పాతాళభైరవి', 'మాయాబజార్' చిత్రములు రూపొందిన నేలపై నేడు విజయా యను మాట ఆసుపత్రి పలకపైనను అంగడి పలకపైనను కనబడును. కోడంబాక్కపు వంతెన చెంత లిబర్టీ సినిమాహాలు పోయినను, ఆ పేరు బస్సు నిలుచుచోటికి నిలిచినది. డైరెక్టర్స్ కాలనీ యను పేరు ఆ ప్రాంతమున ఎవరు కాపురముండిరో చెప్పుచునే యున్నది. ఏ.వి.ఎం. ద్వారము చెంతనున్న గోళము నేటికిని బాటసారులకు గుర్తు.

ఈ పేర్లను చిత్రించుటలోనే మన మూడు పరీక్షల అవసరము తెలియును. విజయా యను అక్షరములను మాత్రము దగ్గరగా పట్టి తీసిన చిత్రమునకు అర్థము లేదు; అట్టి పేరు దేశమంతట దొరకును. అదే పలకను వెనుకనున్న కట్టడముతో, ముందున్న ఆర్కాటు రోడ్డుతో, అందు నిలిచిన ఆటోలతో, మందుల అంగడితో కలిపి తీసి, తేదీ వ్రాసినచో, ఒక స్టూడియో పేరు ఆసుపత్రికిని అంగడికిని ఎట్లు సంక్రమించెనో అది చెప్పగలదు. 2015లో వడపళనికి మెట్రో రైలు వచ్చినది. రెండవ దశకై ఆర్కాటు రోడ్డు పొడవున స్తంభములు లేచినవి. పదియేండ్ల క్రిందట తీసిన వీధిచిత్రముతో నేటి వీధిని పోల్చినచో ఏది ఎచట నున్నదో గుర్తించుటయే కష్టము. కావున చిత్రపు అంచులలో చేరిన అనవసరమైన వస్తువులే రేపు ఎక్కువ అవసరమగును. పలకను మాత్రము కత్తిరించి చూపు అలవాటును నేను దోషముగా పరిగణించుట ఇందువలననే.

చేతివ్రాత విషయమును గూడ ఇచట చెప్పవలసియున్నది. మదరాసునందు సినిమా ప్రకటనలు పెద్దపెద్ద చిత్రపటములుగా, మనిషియెత్తునకు ఎన్నో రెట్లుగల కటౌటులుగా చేతితో వ్రాయబడుచుండెను. ప్రెమిండా జేకబ్ 2009లో ప్రకటించిన గ్రంథమున ఈ కళను విస్తరముగా పరిశీలించిరి. యంత్రముతో ముద్రించు ఫ్లెక్సుగుడ్డ వచ్చిన పిమ్మట ఈ వృత్తి క్షీణించినది. ముద్రణాక్షరము ఎచట చూచినను ఒక్కటే. చేతియక్షరము వ్రాసినవానిని పట్టియిచ్చును. పాత ఛాయాచిత్రములో ఒక తెలుగు పలక కనబడినపుడు, తలకట్టును విడిగా పెట్టినాడా, కుంచెను ఎత్తకయే కలిపినాడా, ఒత్తులకు చోటు చాలక ఇరికించినాడా యని చూడవలెను. తెలుగు వ్రాయుట అలవాటైన చేయియో, నమూనాను చూచి బొమ్మవలె గీసిన చేయియో దానివలన కొంత ఊహింపవచ్చును. ఈ సూక్ష్మము కనబడవలెనన్న అక్షరము స్పష్టముగా నుండవలెను. సాయంకాలపు టెండ అందము దానిని మింగివేయరాదు.

ఇక మన హృదయమునకు దగ్గరగా తాకు విషయమునకు వచ్చుచున్నాను. నేటి కోడంబాక్కపు వీధిచిత్రములలో తెలుగు అక్షరము అరుదు. దీనిని చూచి తమిళప్రభుత్వపు నిబంధనయే కారణమని మనవారు కొందఱు నిట్టూర్చుట కలదు. కాని నిబంధన చెప్పునది వేఱు. తమిళనాడు దుకాణములు, సంస్థల నియమావళి ప్రకారము పేరుపలకపై తమిళము ముందుండవలెను. తమిళమునకు ఐదు, ఆంగ్లమునకు మూడు, ఇతర భాషకు రెండు పాళ్ల చొప్పున చోటు ఈయవచ్చును. అనగా పదింట రెండు పాళ్లు మనకు మిగిలియే యున్నవి. ఆ రెండు పాళ్లను ఖాళీగా విడిచినది ఎవరు? తెలుగువారు యజమానులుగా నున్న అంగడి ముందు నిలిచి, ఆ పలకను నిండుగా చిత్రించినచో, తమిళము క్రింద ఆంగ్లము, ఆంగ్లము క్రింద శూన్యము కనబడును. ఆ శూన్యము కూడ ఒక సాక్ష్యమే. చదువువారు తగ్గినందున వ్రాయించుట మానిరో, వ్రాయించుట మానినందున చదువువారు తగ్గిరో చిత్రము చెప్పదు. కాని ఆ ప్రశ్నను మనకు ఎదురుగా నిలుపును.

వీధిపేర్ల పలకలు మఱియొక విధమైన సాక్ష్యము. కోడంబాక్కమునకు తూర్పున నున్న త్యాగరాయనగరము, జస్టిస్ పక్ష స్థాపకులలో నొకరైన పిట్టి త్యాగరాయచెట్టిగారి (1852-1925) పేర వెలసినది. అందలి పానగల్ పార్కు 1921 నుండి 1926 వరకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన పానగల్ రాజావారి పేరిటిది. ఇరువురును తెలుగువారే. కాని పలకపై త్యాగరాయనగరము టి.నగర్ అయినది, ఒక మనుష్యుని పేరు ఒక్క ఆంగ్లాక్షరముగా కుంచించుకొనిపోయినది. 1970ల దశకము చివర తమిళనాడు ప్రభుత్వము వీధిపేర్లనుండి కులసూచకములను తొలగింపదలచినపుడు జి.ఎన్. చెట్టి రోడ్డు పలకలో చెట్టి యను మాట పోయినది. జనుల నోట మాత్రము నిలిచియేయున్నది. దానిలోని మంచిచెడ్డల చర్చ ఇచట అప్రస్తుతము. పాతపలకకు ఒక చిత్రము, క్రొత్తపలకకు ఒక చిత్రము పక్కపక్కన నున్నచో, ఒక ప్రభుత్వాదేశము వీధిలో ఎట్లు అమలుపడెనో, జనులు దానిని ఎంతవరకు అంగీకరించిరో ఏ ప్రసంగముకంటెను చక్కగా తెలియును.

ఈ సందర్భమున మన స్వాభిమానమునకు ఒక హద్దు అవసరము. కోడంబాక్కమున ఎటు చూచినను తెలుగుదనమునే వెదకుట సత్యము కాదు. 'పాతాళభైరవి' 1951లోను, 'మాయాబజార్' 1957లోను తెలుగుతోపాటు తమిళమునందును వచ్చినవి. ఒకే సెట్టులో, ఒకే దీపముల క్రింద రెండుభాషల మాటలు పలికిన పేట ఇది. కన్నడము, మలయాళము గూడ ఇచట పనిచేసినవి. 1947లో ఆరంభమై, పిమ్మట దీర్ఘకాలము వడపళని చిరునామాతో వెలువడిన చందమామ సైతము తమిళపు తోబుట్టువుతో కలిసి పెరిగినదే. కావున పలకలోని తమిళాక్షరములను అంచునకు నెట్టి, మూలనున్న తెలుగును మాత్రము చూపిన చిత్రము దొంగసాక్ష్యము. రెండు లిపులు ఒకే రేకుపై ఇరుగుపొరుగుగా ఎట్లు సర్దుకొనెనో చూపుటలోనే కోడంబాక్కపు నిజము గలదు.

మనుష్యుల విషయమునను జాగ్రత్త వలయును. పలకక్రింద నిలిచిన టీ అంగడివాడు, మెట్లపై కూర్చున్న వృద్ధనటుడు, పిలుపునకై వేచియున్న చిల్లరవేషగాండ్రు మన సాక్ష్యసేకరణకు సామగ్రి కారు. అడిగి తీయుట మర్యాద. తీసిన ప్రతిని చూపుట అంతకంటె మర్యాద. అట్లు అడిగినపుడు ఆ పలకను ఎవరు వ్రాసిరో, అంతకుముందు అచట ఏ పలక యుండెనో వారే చెప్పుదురు. ఆ మాటను చిత్రము వెనుక వ్రాసికొన్నచో దాని విలువ ఇనుమడించును.

క్రొత్తచిత్రములను తీయుట యువకుల పని. పాతవి మాత్రము మన యిండ్లలోనే యున్నవి. మా బంధువులలో ఒక పెద్దమ్మగారి పెట్టెలో కోడంబాక్కమున తీసిన ఒక కుటుంబచిత్రమును చూచితిని. వీధిలో నిలిచిన ఐదుగురు. వెనుక ఒక హోటలు పలకలో సగము తెలుగు, సగము తమిళము. ఇంటిలోని చిన్నవారు ముఖములను మాత్రము పోల్చుకొనిరి. ఆ పలకను అడిగినపుడు పెద్దమ్మగారు కన్నడ్డము సవరించుకొని, ఆ హోటలు ఏ మూల నుండెనో, నెలాఖరున ఖాతాపై భోజనము పెట్టిన యజమాని ఏ యూరివాడో, అది ఎప్పుడు మూతపడెనో తడవుకొనక చెప్పిరి. ఆ మాటలు ఎచటను వ్రాసి లేవు. ఆమె తరము దాటినచో ఆ పలక చదువబడని శాసనమే యగును.

కావున సంఘసభ్యులకు నా మనవి యిది. పెండ్లిండ్లకు, పండుగలకు, స్టూడియో చూడవచ్చిన చుట్టములతోను మదరాసు వీధులలో తీసికొన్న పాతచిత్రములను ఒకమారు మరల తీసి చూడుడు. ముందున్న ముఖములతోపాటు వెనుకనున్న గోడను, పలకను, బస్సును పరికింపుడు. పెద్దలు జీవించియుండగానే వారి యెదుట కూర్చుండి, స్థలమును, సంవత్సరమును, పలకలోని మాటను పెన్సిలుతో వెనుక వ్రాయుడు. మూలచిత్రము ఇంటిలోనే యుండవచ్చును. దాని నకలును సంఘమునకు ఈయుడు. ఇట్టి నూఱు చిత్రములు చేరినచో వీథివారీగా వరుస కూర్చి, ఆర్కాటు రోడ్డుపై తెలుగు ఎచటెచట ఎన్నాళ్లు నిలిచెనో ఒక పట్టికను సిద్ధపరుపవచ్చును. సంఘపు గోడల నడుమనే చేయగల పరిశోధన ఇది. ఇందులకు ధనముకంటె ఓపిక ఎక్కువ వలయును. ఆ పట్టిక సిద్ధమైననాడు, పదింట రెండు పాళ్ల చోటును మరల నింపవలెనా యను ప్రశ్నకు ఎవరి అంగడి ముందు వారు నిలిచి సమాధానము చెప్పుకొందురు గాక.